జేమర్సన్ బేస్ వరుసలను కాగితం మీదికి తెచ్చిన పుస్తకం

కోట్లమంది చెవుల్లో పడిన సంగీతాన్ని వాయించి, వారిలో బహు కొద్దిమందికి మాత్రమే పేరు తెలిసిన బేస్ గిటార్ వాద్యకారుడు ఎవరని అడిగితే నేను జేమ్స్ జేమర్సన్ పేరు చెబుతాను. అమెరికాలోని డెట్రాయిట్ నగరం నుంచి మోటౌన్ రికార్డింగ్ కంపెనీ 1960లలో విడుదల చేసిన విజయవంతమైన పాటల్లో అధికభాగానికి మంద్రస్థాయిని సమకూర్చింది ఆయనే. ఫిలడెల్ఫియాకు చెందిన గిటార్ వాద్యకారుడు ఆలన్ స్లట్‌స్కీ ‘డాక్టర్ లిక్స్’ అనే కలంపేరుతో ఆయన గురించి రాసిన ‘స్టాండింగ్ ఇన్ ద షాడోస్ ఆఫ్ మోటౌన్’ 1989లో వెలువడింది. పుస్తకం మొదటి భాగం జీవితచరిత్ర, రెండో భాగం 49 పాటల బేస్ వరుసలకు స్వరలిపి. ఆ వరుసలను 26 మంది పేరున్న బేస్ వాద్యకారులు వాయించి వినిపించిన రెండు సీడీలు నా దగ్గరున్న ప్రతితో పాటు వచ్చాయి. దుకాణాలు దీనిని బేస్ నేర్చుకునేవారి అభ్యాసగ్రంథాల వరుసలో పెట్టి అమ్ముతున్నాయి గానీ, పాట వినే అలవాటున్న ప్రతి ఒక్కరికీ ఇందులో చదవదగింది ఉందని నా అభిప్రాయం.

బేస్ వాద్యకారులకు గుర్తింపు తక్కువగా ఉండటానికి ఒక కారణం ఆ వాద్యం స్వభావంలోనే ఉంది. అది పాటలో అట్టడుగున ఉంటుంది. గాయకుడి గొంతునో, వయొలిన్లనో విన్నట్టు దానిని విడిగా వినడం మామూలు శ్రోతకు అలవాటు లేదు. కారులో పాట పెట్టి బేస్ పెంచుకునేవారు కూడా ఆ ధ్వనిని ఒక్కొక్క స్వరంగా ఎంచుకుని వాయించిన మనిషి ఒకరుంటారని సాధారణంగా ఆలోచించరు. మోటౌన్ విషయంలో దీనికి కంపెనీ పద్ధతి కూడా తోడైంది. రికార్డు మీద గాయకుల పేరు, పాట రాసినవారి పేరు, నిర్మాత పేరు ఉండేవి తప్ప వాద్యకారుల పేర్లు అచ్చయ్యేవి కావు. వారికి రికార్డింగుకు ఇంత అని వేతనం ముట్టేది. పాట ఎంత అమ్ముడైనా రాయల్టీలో వాటా ఉండేది కాదు. తమను తాము ‘ఫంక్ బ్రదర్స్’ అని పిలుచుకున్న ఆ బృందంలో పియానో వాయించిన ఎర్ల్ వాన్ డైక్, డ్రమ్స్ వాయించిన బెన్నీ బెంజమిన్, గిటార్ వాయించిన రాబర్ట్ వైట్ వంటి గొప్ప కళాకారులు ఉన్నారు. వారందరి పరిస్థితీ ఇదే. స్లట్‌స్కీ జేమర్సన్‌ను కేంద్రంగా పెట్టుకుని ఈ బృందం మొత్తాన్ని పరిచయం చేయడం పుస్తకంలో నాకు బాగా నచ్చిన నిర్ణయం.

జేమర్సన్ 1936లో సౌత్ కరోలినా తీరాన ఉన్న ఎడిస్టో ద్వీపంలో పుట్టాడు. చిన్నతనంలో కర్రకు రబ్బరు సాగదీసి కట్టి, దానిని చీమలపుట్టలో గుచ్చి మీటుతూ చీమలను ఆడిస్తున్నానని చెప్పేవాడట. ఈ సంగతిని రచయిత ఏ అలంకారమూ లేకుండా చెప్పి ముందుకు సాగిపోయాడు. 1954లో తల్లి వెంట డెట్రాయిట్‌కు చేరిన తరువాత, అక్కడి నార్త్‌వెస్టర్న్ హైస్కూలులో నిలువెత్తు చెక్క బేస్ మీద శిక్షణ మొదలైంది. ఆ తరువాత రాత్రులు జాజ్ క్లబ్బుల్లో గడిచాయి. 1959లో బెర్రీ గార్డీ స్థాపించిన మోటౌన్ కంపెనీ వెస్ట్ గ్రాండ్ బూలవార్డ్‌లోని 2648 నంబరు ఇంటిని కొని, దాని వెనుక భాగాన్ని స్టూడియోగా మార్చింది. వాద్యకారులు ‘స్నేక్ పిట్’ అని పిలుచుకున్న ఆ ఇరుకు గదిలోనే జేమర్సన్ జీవితంలోని అత్యుత్తమ కృషి అంతా జరిగింది. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. స్టూడియోలోని పనివేళలు, పాటకు పాటకు మధ్య నడిచే పరిహాసాలు, కంపెనీకి తెలియకుండా ఇతరుల రికార్డింగులకు వెళ్లి వాయించడం, పట్టుబడితే జరిమానా కట్టడం వంటి వివరాలతో ఈ అధ్యాయాలు ఎక్కడా నీరసించవు. జాన్ లీ హుకర్ ‘బూమ్ బూమ్’, జాకీ విల్సన్ ‘హయ్యర్ అండ్ హయ్యర్’ వంటి మోటౌన్‌కు చెందని పాటల్లో కూడా ఈ బృందం వాద్యం వినిపించడానికి కారణం ఇదే.

జేమర్సన్ వాడిన వాద్యం గురించి పుస్తకం ఇచ్చే సమాచారం బేస్ వాయించేవారికి అమూల్యమైనది. 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్ బేస్‌కు ఆయన ‘ఫంక్ మెషీన్’ అని పేరు పెట్టుకున్నాడు. దానికి లా బెల్లా కంపెనీ తయారుచేసిన పైచుట్టు నున్నగా ఉండే మందపాటి ఫ్లాట్‌వౌండ్ తీగలు ఉండేవి. తెగితే తప్ప వాటిని మార్చేవాడు కాదు. మకిలి పట్టిన తీగల్లోనే అసలైన నాదం ఉందని ఆయన నమ్మకం. తీగలు ఫ్రెట్‌ల (వాద్యం మెడ మీది మెట్ల) మీద ఎంత ఎత్తులో ఉండేవంటే, ఇతరులు ఆ వాద్యం మీద వాయించడానికి అవస్థపడేవారు. తీగలు ఆనే బ్రిడ్జి మూత కింద ఉన్న స్పాంజి తీగల కంపనాన్ని త్వరగా అణచివేసేది. అందువల్లనే ఆయన మోగించిన స్వరం మొదట్లో గుండ్రంగా, బలంగా పలికి వెంటనే తప్పుకుని గాయకుడికి చోటిస్తుంది. స్టూడియోలో ఆంప్లిఫయర్ ప్రమేయం లేకుండా బేస్‌ను నేరుగా మిక్సింగ్ కన్సోల్‌కు కలిపేవారు. ఇన్నింటికీ మించి ఆశ్చర్యం కలిగించేది కుడిచేయి. చెక్క బేస్ నుంచి వచ్చిన అలవాటు కొద్దీ ఆయన చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. తోటివారు ‘హుక్’ అని పేరు పెట్టిన ఆ ఒక్క వేలు చేసిన పనిని స్వరలిపిలో చూసినప్పుడు, రెండు వేళ్లతో వాయించేవారికి కూడా కొన్ని బార్లు (తాళం ఆవర్తనాలు) దాటడం కష్టమని అర్థమవుతుంది.

ఇక స్వరలిపి. పుస్తకానికి ప్రాణం ఇదే కనుక దీని గురించి కొంత వివరంగా చెప్పాలి. జేమర్సన్‌కు ముందు జనప్రియ గీతాల్లో బేస్ వాద్యకారుడి పని చాలావరకు కార్డ్ (కలిపి మోగించే స్వరాల సముదాయం) మూలస్వరాన్ని, దాని పంచమాన్ని తాళం దెబ్బ మీద నిలబెట్టడమే. జేమర్సన్ కూడా అవసరమైన చోట అంతే చేశాడు. 1964లో టెంప్టేషన్స్ బృందం పాడిన ‘మై గర్ల్’ పాట ఆయన బేస్‌తోనే, మరే వాద్యమూ లేకుండా మొదలవుతుంది. కొద్దిపాటి స్వరాలు, మధ్యలో నిశ్శబ్దం, అంతే. దాని మీద రాబర్ట్ వైట్ గిటార్ మోహన రాగపు ఆరోహణను సరిగ్గా స-రి-గ-ప-ద-స అని ఎక్కుతూ వస్తుంది. ఇంత పొదుపుగా వాయించగలిగిన మనిషే మూడేళ్లలో ‘బెర్నడెట్’ వంటి వరుసను వాయించాడంటే ఆ ఎదుగుదల ఎటువంటిదో ఊహించవచ్చు. 1967లో ఫోర్ టాప్స్ పాడిన ఆ పాట స్వరలిపిని చూస్తే, గాయకుడు లీవై స్టబ్స్ వేదనతో పిలుస్తున్న ప్రతి పాదం కిందా బేస్ మరొక రాగవరుసను అల్లుతూ ఉంటుంది. గొంతు ఊపిరి తీసుకున్న చోట అది ముందుకు వస్తుంది. గొంతు ఎత్తుకున్న చోట వెనక్కి తగ్గి మూలస్వరాన్ని పట్టుకుంటుంది.

ఆయన పద్ధతిలో ముఖ్యమైనవి మూడు నాలుగు ఉన్నాయి. వాటిని స్లట్‌స్కీ ఉదాహరణలతో సహా చూపిస్తాడు. ఒక కార్డ్ నుంచి మరొక కార్డ్‌కు వెళ్లేటప్పుడు మధ్యనున్న అర్ధస్వరాలను ఒక్కొక్కటిగా తాకుతూ వెళ్లడం మొదటిది. పాట ఏ శ్రుతిలో ఉన్నా, వేలు అవసరం లేని ఖాళీ తీగను దారిలో వాడుకుని చేతికి మరుసటి చోటికి చేరే వ్యవధి సంపాదించుకోవడం మరొకటి. అన్నిటికంటే మన శ్రోతలకు సులభంగా అందేది లయ. జేమర్సన్ ఒక్కొక్క దెబ్బను నాలుగుగా విడగొట్టుకుని, స్వరాన్ని దెబ్బకు కాస్త ముందో వెనుకో వేస్తాడు. కర్ణాటక సంగీతంలో అతీత, అనాగత గ్రహాలను గుర్తుపట్టే చెవి ఉన్నవారికి ఈ ఎత్తుగడలు కొత్తగా అనిపించవు. స్టీవీ వండర్ పాడగా 1968లో విడుదలైన ‘ఫర్ వన్స్ ఇన్ మై లైఫ్’ స్వరలిపిలో ఒకసారి వచ్చిన బార్ మళ్లీ అదే రూపంలో రావడం చాలా అరుదు. ఒకే సంగతిని ప్రతిసారీ కొత్తగా తిప్పడం తెలిసిన విద్వాంసుడి పని అది. అయినా పాట ఎక్కడా బరువెక్కదు, గాయకుడికి ఎక్కడా అడ్డం రాదు. పేజీలు తిరగేస్తున్నకొద్దీ ఈ సంయమనమే నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది.

1971లో వచ్చిన మార్విన్ గే ఆల్బమ్ ‘వాట్స్ గోయింగ్ ఆన్’ దగ్గర జీవితచరిత్ర, స్వరలిపి ఒకచోట కలుస్తాయి. పాట రికార్డింగుకు జేమర్సన్ కావలసిందేనని గే పట్టుబట్టి, క్లబ్బులో వాయిస్తున్న ఆయనను వెతికి తీసుకువచ్చాడని, మత్తులో కూర్చోలేని స్థితిలో ఉన్న ఆయన నేల మీద వెల్లకిలా పడుకుని ఆ వరుసను వాయించాడని బృందంలో కథ ప్రచారంలో ఉంది. నాకు ఈ కథ కంటే, ఆ రాత్రి ఇంటికి వచ్చి ఇప్పుడే ఒక గొప్ప కృతిని వాయించామని భార్య ఆనీతో చెప్పాడన్న చిన్న ప్రస్తావన ఎక్కువ విలువైనదిగా తోచింది. తన పని గురించి ఇంట్లో అలా మాట్లాడటం ఆయనకు అలవాటు లేదు. మోటౌన్ వాద్యకారుల పేర్లు ఆల్బమ్ అట్ట మీద అచ్చయింది కూడా దీనితోనే. అక్కడ జేమర్సన్ పేరుకు ముందు ‘సాటిలేని’ అనే విశేషణం ఉంది. అప్పటికి ఆయన కంపెనీకి పన్నెండేళ్లుగా వాయిస్తున్నాడు.

మరుసటి ఏడాదే మోటౌన్ డెట్రాయిట్‌ను వదిలి లాస్ ఏంజెలిస్‌కు తరలిపోయింది. జేమర్సన్ కూడా అక్కడికి వెళ్లాడు గానీ నిలదొక్కుకోలేకపోయాడు. 1970లలో బేస్ ధ్వని మారింది. మెరుపు ధ్వనినిచ్చే రౌండ్‌వౌండ్ తీగలు, బొటనవేలితో కొట్టే స్లాప్ పద్ధతి వాడుకలోకి వచ్చాయి. నిర్మాతలు అనుకున్న వరుసను అనుకున్నట్టు పదేపదే వాయించేవారు కావలసి వచ్చింది. తీగలు మార్చమంటే ఆయన ఒప్పుకోలేదు. తాగుడు అప్పటికే ఆరోగ్యాన్ని, నమ్మకాన్ని దెబ్బతీసింది. 1983లో మోటౌన్ 25 ఏళ్ల ఉత్సవాన్ని టెలివిజన్ కోసం పాసడీనాలో ఘనంగా చిత్రీకరించినప్పుడు ఆయనకు ఆహ్వానం అందలేదు. బ్లాక్‌లో టికెట్టు కొనుక్కుని బాల్కనీలో కూర్చుని చూశాడు. అదే ఏడాది ఆగస్టు 2న, 47వ ఏట చనిపోయాడు. ‘ఫంక్ మెషీన్’ అంతకు కొద్దిరోజుల ముందే దొంగల పాలైంది. ఈ అధ్యాయాన్ని రచయిత సానుభూతితో రాశాడు; అయితే తాగుడును మెరుపులు దిద్దిన కళాకారుడి లక్షణంగా చూపించకుండా, అది కుటుంబానికి, తోటివారికి కలిగించిన కష్టాన్ని కూడా చెప్పాడు. నేరమంతా కంపెనీదేనని తేల్చేయకపోవడం వల్ల పుస్తకం మీద నమ్మకం పెరుగుతుంది.

తెలుగు శ్రోతలకు ఈ కథ దూరపుది కాదు. కచేరీ ఆహ్వానపత్రంలో మృదంగం, వయొలిన్ వాయించేవారి పేర్లు అచ్చువేయడం మన సంప్రదాయం. సినిమా పాట దగ్గరికి వచ్చేసరికి గ్రామఫోన్ రికార్డు మీద, క్యాసెట్టు అట్ట మీద గాయకులు, గీతరచయిత, సంగీత దర్శకుడు తప్ప ఇంకెవరూ కనిపించరు. ఇళయరాజా మద్రాసులో చేసిన తెలుగు పాటల్లో బేస్ గిటార్‌కు ఉన్న ప్రాధాన్యం చెవి పెట్టి విన్నవారికి తెలుసు. వాటిలో ఎన్నింటినో వాయించిన శశిధరన్ పేరు మాత్రం వాద్యకారుల మధ్యనే ఎక్కువగా వినిపిస్తుంది. రెహమాన్ తన ఆల్బమ్‌ల మీద వాద్యకారులకు చోటిచ్చిన తరువాత కీత్ పీటర్స్ పేరు కొంతమందికి పరిచయమైంది. రెండు సందర్భాల మధ్య ఒక తేడాను గుర్తుంచుకోవాలి. ఇళయరాజా బేస్ వరుసను కూడా స్వయంగా స్వరలిపిలో రాసి ఇస్తాడు కనుక అక్కడ స్వరకర్త ఆయనే, వాద్యకారుడి ప్రతిభ దానిని పలికించడంలో ఉంది. జేమర్సన్‌కు తరచుగా ఎదురుగా ఉన్నది కార్డ్‌ల పట్టిక. వరుస ఆయన అక్కడికక్కడ కల్పించుకున్నది. ఆ లెక్కన ఎన్నో మోటౌన్ పాటల రచనలో ఆయనకు భాగం ఉంది. ఈ పుస్తకంలోని స్వరలిపిని నేను ఆ భాగానికి లిఖితపూర్వకమైన రుజువుగానే చదివాను. గీతాన్ని, గొంతును తీసేసినా 49 పాటల్లో ఏది ఏదో బేస్ వరుసను బట్టే గుర్తుపట్టగలం.

పుస్తకంలో లోపాలు లేకపోలేదు. మొదటిది, ఆధారాల విషయం. కంపెనీ ఎవరెవరు ఏ పాటలో వాయించారో శ్రోతలకు తెలియజేయలేదు కనుక, ఫలానా వరుస జేమర్సన్‌దేనని నిర్ణయించడానికి చాలాచోట్ల సహచరుల జ్ఞాపకం, రచయిత చెవి మీద ఆధారపడక తప్పలేదు. జ్ఞాపకం ఎక్కడ ఆగిందో, ఊహ ఎక్కడ మొదలైందో మరింత స్పష్టంగా గీత గీసి ఉంటే బాగుండేది. రెండోది, 1960ల చివరి నుంచి మోటౌన్‌కు వాయించిన మరొక బేస్ వాద్యకారుడు బాబ్ బాబిట్‌కు తగినంత చోటు దక్కలేదనిపించింది. ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఆల్బమ్‌లోనే ‘మెర్సీ మెర్సీ మీ’, ‘ఇన్నర్ సిటీ బ్లూస్’ పాటలకు బేస్ ఆయనదే. జేమర్సన్ శైలిని గౌరవిస్తూనే తన దారిలో వాయించిన బాబిట్ 2012లో మరణించాడు. ఆయన మీద ఇంత శ్రద్ధతో మరో పుస్తకం రావలసిన అవసరం ఉంది.

సీడీల గురించి కొనేవారు ముందే తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఉంది. వాటిలో ఉన్నవి మోటౌన్ మూల రికార్డింగులు కావు. జేమర్సన్ వరుసలను ఇతరులు కొత్తగా వాయించిన రూపాలు. పాల్ మెకార్ట్‌నీ పరిచయ వాక్యాలు పలికాడు. జాన్ ఎంట్‌విజిల్, చక్ రెయినీ, విల్ లీ వంటివారు వాయించారు. వీరిలో ప్రతి ఒక్కరూ సొంత ముద్ర ఉన్నవారే. ఆ ముద్రను పక్కన పెట్టి మరొకరి స్వరాలను విధేయంగా వాయించడంలో ఉన్న గౌరవం వినేవారికి తెలుస్తుంది. కానీ స్వరాలన్నీ సరిగ్గా పడినా జేమర్సన్ లయలోని ఆ సూక్ష్మమైన ముందువెనుకలు అందరి చేతుల్లోనూ రాలేదు. అందుచేత సీడీలను స్వరలిపి చదవడానికి తోడుగా మాత్రమే వాడుకుని, మూల పాటలను విడిగా వినాలి. స్వరలిపి పాశ్చాత్య స్టాఫ్ నొటేషన్‌లో, మంద్రస్వరాలకు వాడే గుర్తైన బేస్ క్లెఫ్‌లో ఉంటుంది. తీగను, మెట్టును అంకెలతో చూపే ట్యాబ్‌లు చూసి నేర్చుకున్న యువతీయువకులు మన నగరాల్లో ఎక్కువగా ఉన్నారు. వారికి పుస్తకం రెండో సగం మొదట్లో కొరుకుడుపడదు. క్లెఫ్ చదవడం కొంత నేర్చుకుని మొదలుపెడితే ఆ శ్రమ వృథా పోదు. తేలిక నుంచి కష్టానికి అన్న క్రమంలో సాగే పాఠ్యపుస్తకం కాదు కనుక, గురువు పక్కన ఉంటే ఇంకా మేలు.

ఈ పుస్తకం చేసిన మేలు అచ్చుతో ఆగలేదు. స్లట్‌స్కీ పట్టుదల వల్లే 2002లో ఇదే పేరుతో డాక్యుమెంటరీ చిత్రం విడుదలై, బతికి ఉన్న ఫంక్ బ్రదర్స్‌ను మళ్లీ వేదిక ఎక్కించింది. అంతకు రెండేళ్ల ముందు, రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ సహవాద్యకారుల కోసం కొత్తగా ఏర్పరచిన విభాగంలో తొలి విడతలోనే జేమర్సన్‌ను చేర్చుకుంది. 2004లో బృందానికి గ్రామీ జీవితసాఫల్య పురస్కారం లభించింది. చిత్రం చూసినవారు పుస్తకం అక్కర్లేదనుకోవచ్చు. చిత్రం బృందం గురించి చెబుతుంది. జేమర్సన్ ఏ బార్‌లో ఏ స్వరం వేశాడో, ఎందుకు వేశాడో తెలియాలంటే పుస్తకమే కావాలి.

బేస్ వాయించేవారు దీనిని తప్పక కొనాలి. వాయించనివారు జీవితచరిత్ర భాగం కోసం గ్రంథాలయంలో గానీ, మిత్రుల దగ్గర గానీ సంపాదించి చదివినా చాలు. వినేటప్పుడు ఫోను స్పీకరును మాత్రం నమ్ముకోవద్దు. బేస్ గిటార్‌లో అన్నిటికంటే మంద్రంగా పలికే తీగ ఖాళీగా మోగితే సెకనుకు సుమారు 41 కంపనాలు. అంత కింది ధ్వనిని ఆ చిన్న స్పీకరు పలికించలేదు. మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, మొదట ‘మై గర్ల్’ను, తరువాత ‘బెర్నడెట్’ను, ఆ పైన ‘వాట్స్ గోయింగ్ ఆన్’ను గాయకుల గొంతు మీద దృష్టి పెట్టకుండా అడుగు స్వరాలను మాత్రమే అనుసరిస్తూ వినండి. పుస్తకం కొనాలో వద్దో ఆ మూడు పాటలు తేల్చేస్తాయి.